ఆరు నెలలు నేను ముట్టని పాత్ర

ఆ సోమవారం పొద్దున నా నోట్లోకి రక్తం వచ్చింది. నాది కాదు.

నేను తాడేపల్లిగూడెంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ల్యాబ్ టెక్నీషియన్ని. ఇది 2007 నాటి మాట. అప్పటికి నాది పదహారేళ్ళ సర్వీసు. మా ల్యాబులోకి ఇంకా మిషన్లు రాలేదు. రక్తకణాలు లెక్కపెట్టాలంటే సన్నటి గాజు పిప్పెట్ ఉంటుంది, దాని వెనక రబ్బరు గొట్టం, గొట్టం చివర చిన్న ప్లాస్టిక్ ముక్క. ఆ ముక్కను పళ్ళ మధ్య పెట్టుకుని, పిప్పెట్ మొనను సీసాలోని రక్తంలో ముంచి, గీత దాకా నోటితో మెల్లగా లాగాలి. అలా నోటితో లాగకూడదని పుస్తకంలో ఉంది. నాకు పని నేర్పినాయన "పుస్తకం పుస్తకమే, పని పనే" అనేవాడు. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు నేనూ అదే చెప్పాను. రోజుకు ముప్పై, నలభై సార్లు లాగేవాణ్ణి. ఒక్కసారి కూడా తేడా రాలేదు. అదే నా పొగరు.

నోటితో పని లేకుండా లాగే రబ్బరు బల్బు ఒకటి మా డాక్టరుగారు కొని తెచ్చారు కూడా. అది అట్టపెట్టెలోనే, అలమరలోనే ఉంది. దానితో పని నిదానం అవుతుందని నేనే పక్కన పెట్టాను.

ఆ సోమవారం వరసగా పద్నాలుగు సీసాలున్నాయి. పదకొండో నంబరు లాగుతుండగా నర్సమ్మ గుమ్మంలోంచి "ప్రభాకర్ గారూ, అర్జెంటండీ!" అని కేకేసింది. తల తిప్పాను. పిప్పెట్ మొన రక్తంలోంచి పైకి తేలి గాలి లాగింది. లోపలున్నది గొట్టంలోంచి జర్రున నాలిక మీదకు వచ్చేసింది. చుక్కో, రెండు చుక్కలో. ఉప్పగా, ఇనుపముక్క నాకినట్టు ఉంది.

సింకులో ఉమ్మేశాను. కుళాయి నీళ్ళతో పుక్కిలించాను. చాలదనిపించి డెట్టాల్ కలిపి పుక్కిలించాను. అప్పుడు భగ్గున మండింది కుడివైపు దవడ. శనివారం సాయంత్రమే అక్కడ ఒక పన్ను పీకించుకున్నాను. గుంట ఇంకా పచ్చిగానే ఉంది. "ఏం కాదులే" అనుకుని పన్నెండో నంబరు తీసుకున్నాను. దాన్నీ నోటితోనే లాగాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

బుధవారం మధ్యాహ్నం డాక్టరుగారు వార్డు రౌండు నుంచి వస్తూ, "ప్రభాకర్, గణపవరం వైపు నుంచి వచ్చిన ఆ జ్వరం పేషెంటుంది చూడు, నెల్లాళ్ళయినా తగ్గట్లేదు. ఒకసారి హెచ్ఐవి కూడా పెట్టు" అన్నారు. పెట్టాను. పాజిటివ్. ఇంకో కంపెనీ కిట్‌తో పెట్టాను. పాజిటివ్. రిజిస్టరులో ఎక్కించడానికి పేరు వెతికాను. సోమవారం పేజీలో ఆమె సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, పక్కన నా చేత్తో రాసిన నంబరు కనపడింది. పదకొండు.

పన్ను గుంటలోకి నాలిక దానంతటదే వెళ్ళింది. ఆ తర్వాత నెలల తరబడి అది అక్కడికి వెళ్తూనే ఉంది.

ఇలాంటిది జరిగితే డెబ్బై రెండు గంటల లోపల మందులు మొదలుపెట్టాలని నాకు తెలుసు. ఏలూరు పెద్దాసుపత్రిలో ఆ మందులు ఇస్తారనీ తెలుసు. బుధవారం సాయంత్రానికి ఇంకా యాభై ఆరు గంటలే అయ్యాయి. రైలెక్కితే గంట ప్రయాణం. మరి ఎందుకు వెళ్ళలేదు?

ఎందుకంటే పదహారేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని నేను ఎంతోమంది మాటలు విన్నాను. "మంగలిషాపులో గాటు పడిందండీ" అనేవాడు ఒకడు. "పల్లెలో ఇంజక్షన్ చేయించుకున్నానండీ, ఆ సూది వల్లే" అనేవాడు ఇంకొకడు. అందరికీ తలూపేవాణ్ణి, లోపల నవ్వుకునేవాణ్ణి. బయటకు వెళ్ళాక నర్సమ్మతో "మంగలి మీద పెట్టేశాడమ్మా" అనేవాణ్ణి కూడా. ఇప్పుడు నేను వెళ్ళి "పిప్పెట్‌లోంచి నోట్లోకి వచ్చిందండీ" అంటే నమ్మేదెవరు? గూడెం చిన్న ఊరు. పైగా మేము గుడికి, అంటే చర్చికి, వెళ్ళేవాళ్ళం. మా ఆవిడ కరుణ మిషన్ స్కూల్లో టీచరు. "ల్యాబు ఆయనకి ఎయిడ్సంట, పిప్పెట్టంట!" అని జనం ఎలా నవ్వుతారో నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేనూ ఆ నవ్వేవాళ్ళలో ఒకణ్ణి.

గురువారమంతా "వెళ్దామా, వద్దా" అనుకుంటూ గడిపాను. శుక్రవారం మా డాక్టరుగారికి ఒంట్లో బాగాలేదని చెప్పి ఏలూరు వెళ్ళాను.

అక్కడి డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు. మొత్తం విన్నాడు. నవ్వలేదు. గోడ మీద క్యాలెండరు చూసి, "సోమవారం పొద్దున్నా? ఇవాళ శుక్రవారం. టైము దాటిపోయిందండీ. ఇప్పుడు మందులు ఇచ్చినా లాభం ఉండదు" అన్నాడు.

"నిన్న పొద్దున వచ్చి ఉంటే?"

"నిన్న పొద్దునేంటండీ, మీకు తెలిసిన బుధవారమే వచ్చేస్తే ఎంత బాగుండేది! మీరు ఈ ఫీల్డు మనిషి." తర్వాత కాస్త మెత్తబడ్డాడు. "రిస్కు తక్కువే. నోట్లో పడింది కొంచెమే, వెంటనే ఉమ్మేశారు. కానీ పన్ను గాయం ఉంది కాబట్టి అసలు లేదని చెప్పలేను. ఇవాళ ఒక టెస్టు, ఆరు వారాలకు ఒకటి, మూడు నెలలకు, ఆరు నెలలకు. అంతవరకు ఇంట్లో మీ మిసెస్‌తో జాగ్రత్తగా ఉండండి, రక్తం ఇవ్వకండి. ఇంకేమీ మానక్కర్లేదు. మామూలుగా ఉండండి."

మామూలుగా ఉండండట! ఆ మాట నేనూ వందల మందికి చెప్పాను. చెప్పడానికి దమ్మిడీ ఖర్చు లేదు. ఉండి చూస్తే తెలుస్తుంది.

నడుంనొప్పి అని చెప్పి ముందుగదిలో చాప మీద పడుకోవడం మొదలుపెట్టాను. నా గ్లాసు, నా కంచం వేరే పెట్టుకున్నాను. ఎంగిలి వల్ల ఇది రాదని నాకు తెలుసు. తెలిసినా చెయ్యి వినేది కాదు. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. స్కూలు నుంచి జామకాయ తెచ్చి, గౌను అంచు చుట్టి కాకెంగిలి చేసి సగం నాకు పెట్టేది. "నాకొద్దమ్మా" అన్నాను. మర్నాడూ వద్దన్నాను. మూడో రోజు నుంచి పిల్ల అడగడం మానేసింది. ఆ ఆరు నెలల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ మానేయడమే.

జులై మొదటి ఆదివారం వచ్చింది. మా గుడిలో నెలనెలా మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ప్రభువు భోజనాన్ని మేము బల్ల అంటాం. ముందు చెక్క కంచె దగ్గర వరసగా మోకరిస్తాం. పాస్టరుగారు అప్పం ముక్క ఇచ్చి, తర్వాత వెండి పాత్రను ఒకరి తర్వాత ఒకరి పెదవులకు అందిస్తారు. పాత్ర ఒక్కటే. ప్రతి ఒక్కరి తర్వాతా తెల్లగుడ్డతో అంచు తుడిచి, కొంచెం తిప్పి, పక్కవారికి పెడతారు. మా తాతల కాలం నుంచీ అదే పాత్ర.

మా వరస లేచింది. నేను లేవలేదు. పాత్ర వల్ల ఏమీ రాదు, టెక్నీషియన్ని కదా, ఎవరైనా అడిగితే బల్లగుద్ది చెబుతాను. కానీ ఇదే నోరు. ఆ రక్తం పడిన నోరు. దీన్ని ఆ అంచుకు ఆనించి, తర్వాత నా పక్కన ముసలి పెద్దాయన తాగుతాడనుకుంటే బెంచీ వదల్లేకపోయాను.

మాలో బల్ల మానేశాడంటే ఏమిటో చెప్పాలి. ఒంట్లో బాగాలేక గుడికే రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. గుడికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, బల్లకు లేవలేదంటే మాత్రం వాడి మనసులో ఏదో పాపం ఉందని అర్థం. ఎవరితోనో తగాదా అయినా అయి ఉండాలి, చెయ్యరాని పని అయినా చేసి ఉండాలి. ఎవరూ నోరు తెరిచి అడగరు. చూస్తారంతే.

ఆగస్టులో కూడా కూర్చునే ఉన్నాను. ఈసారి నాకు తోడు ఇంకొకరు కూర్చున్నారు. ఆడవాళ్ళ వైపు ఆఖరి బెంచీలో, చెంగు తల మీదుగా కప్పుకుని, సన్నటి మనిషి. తలెత్తినప్పుడు గుర్తుపట్టాను. పదకొండో నంబరు. ఆమెను రూతమ్మ అంటాను. అది అసలు పేరు కాదు. భర్త చేపల లారీ మీద కలకత్తా వైపు తిరిగేవాడు, పోయాడు. అత్తారింటి నుంచి వచ్చేసి గూడెంలో తల్లి దగ్గర ఉంటోందని కేసుషీటులో చదివాను. ఆమెకు భయమేసి బల్ల మానుకుంది కాబోలనుకున్నాను. జాలి పడాల్సింది. పడలేదు. కోపం వచ్చింది. ఆమె చేసిన తప్పేమీ లేదు, గొట్టం నోట్లో పెట్టుకున్నది నేను. అయినా కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను.

ఈలోగా ల్యాబులో ఒక పిచ్చి పని మొదలుపెట్టాను. నా రక్తం నేనే తీసుకుని టెస్టు చేసుకోవడం. ఎడమచేతికి రబ్బరు తాడు కట్టి, ఒక కొస పళ్ళతో పట్టి లాగి, కుడిచేత్తో సూది గుచ్చుకునేవాణ్ణి. సీసా మీద నా పేరు బదులు మోషే అని దొంగపేరు రాసేవాణ్ణి. రెండో వారంలో చేశాను, మూడో వారంలో చేశాను. నెగటివ్. విండో పీరియడ్‌లో, అంటే జబ్బు ఉన్నా టెస్టుకు దొరకని ఆ మొదటి వారాల్లో, నెగటివ్‌కు అర్థం లేదని నాకు తెలుసు. అయినా సీసా పడేసిన అరగంట వరకు ప్రాణం హాయిగా ఉండేది. తర్వాత మళ్ళీ మామూలే. ఆ అరగంట కోసం అలవాటు పడ్డాను.

అయిదో వారంలో కూడా చేశాను. పావుగంటకు టెస్టు కార్డు చూశాను. ఒక్కటే గీత, నెగటివ్. బుట్టలో పడేశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. గంటన్నర తర్వాత ఎందుకో బుట్టలో చెయ్యి పెట్టి ఆ కార్డును మళ్ళీ తీశాను.

రెండో గీత ఉంది. పల్చగా, ఉందా లేదా అన్నట్టు.

ఇరవై నిమిషాలు దాటాక కార్డు చూడకూడదు. ఎండిపోయేటప్పుడు లేని గీతలు పడతాయి. నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళందరికీ నేను మొదటి రోజున చెప్పే పాఠం అది. ఒకమ్మాయి ఆలస్యంగా చూసి పాజిటివ్ అని రాయబోతే చెడామడా తిట్టాను కూడా. అలాంటివాణ్ణి ఆ కార్డును కిటికీ దగ్గర పట్టుకుని, ట్యూబులైటు కింద పట్టుకుని, ఏటవాలుగా తిప్పి, కళ్ళజోడు తీసి, పెట్టుకుని చూశాను. బయటివాడికి ఇలా చూడాలనే తెలియదు. తెలిసినవాడికే ఈ తిప్పలు.

అప్పటికే తిండి తగ్గింది, ఆ వారం అన్నం అసలు దిగలేదు. నర్సింగ్ హోమ్ తూకం మిషన్ ఎక్కితే అరవై ఎనిమిది కిలోలవాణ్ణి అరవై ఒకటి ఉన్నాను. తినకపోతే తగ్గుతారన్నది తట్టలేదు, అదే వచ్చిందనుకున్నాను. అద్దంలో నాలిక చూసుకుంటే తెల్లగా కనపడింది. మెడ కింద గడ్డలున్నాయేమోనని తడుముకుని తడుముకుని అక్కడ నిజంగానే నొప్పి పుట్టించుకున్నాను.

ఆరు వారాలకు ఏలూరు వెళ్ళాను. ఎలీసా అనే పెద్ద రక్తపరీక్ష పెట్టారు. నెగటివ్. ఆ కార్డు సంగతి చెబితే డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు.

"గంటన్నర తర్వాత చూశారా?"

"చూశానండీ."

"మీరు నిజంగా టెక్నీషియనేనా?"

"పదహారేళ్ళ నుంచండీ."

"ఇక మీరు కిట్ ముట్టుకోకండి. మీ టెస్టు మేం చేస్తాం. మీ చేతిలో ఉంటే మీరు ఈ ఆరు నెలలు బతకరు" అన్నాడు. ఆ పూట ఆ మాట చాలా కటువుగా అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ ఆరు నెలల్లో నాకు ఇచ్చిన అసలు మందు అదొక్కటే.

సెప్టెంబరు మొదటి ఆదివారం గుడి నుంచి ఇంటికొచ్చాక కరుణ చీర కూడా మార్చుకోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడింది. మనిషి నెమ్మదస్తురాలు. కోపం వస్తే గొంతు ఇంకా తగ్గుతుంది.

"ఏవండీ, ఒక్కమాట అడుగుతాను, అబద్ధం చెప్పకండి. మూడు నెలల నుంచీ బల్లకి లేవట్లేదు. నడుంనొప్పని చాప మీద పడుకుంటున్నారు. పిల్ల చేతిలోది తినట్లేదు. ఎవరండీ ఆవిడ?"

"ఎవరు?"

"అదే నేనూ అడుగుతున్నాను. గుళ్ళో అందరూ నా మొహం చూస్తున్నారు. ఎవరో చెప్పేస్తే నా ఏడుపేదో నేను ఏడుస్తాను."

ఇక దాచలేకపోయాను. పిప్పెట్, పన్ను, పదకొండో నంబరు, ఏలూరు, అన్నీ చెప్పాను. పేషెంటు పేరు మాత్రం చెప్పలేదు. కరుణ నోరు తెరిచి విన్నది. చివరికి గుమ్మంలోనే చతికిలబడింది.

"రక్తం నోట్లోకి పోయిందా? అంతేనా?"

"అంతేనా అంటావేంటి? అది ఎంత..."

"ఓరి నాయనో! మూడు నెలలుగా ఎవరో ఆడమనిషనుకుని నేను కుమిలిపోతుంటే... అంతేనా అనక ఏమనమంటారు?" అని చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మళ్ళీ కోపం తెచ్చుకుంది. "ఇంత పెట్టుకుని ఒక్కరే మోస్తారా? నేనెందుకున్నానండీ మరి, చాక్ పీసులు అరగదీయడానికా?"

నమ్మింది! నేను ఎవ్వరూ నమ్మరనుకున్న మాటను మా ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా నమ్మింది. పదహారేళ్ళలో నేను ఎవర్ని నమ్మాను? ఆ ఆలోచన అప్పుడొచ్చింది, ఇప్పటికీ పోలేదు.

మూడు నెలల టెస్టుకు ఇద్దరం కలిసి ప్యాసింజరులో వెళ్ళాం. పూళ్ళ దాటాక కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ కరుణ పులిహోర పొట్లం విప్పింది. తను ఒక ముద్ద తిని అదే చేత్తో నాకొక ముద్ద పెట్టింది. వద్దనబోయాను. కళ్ళెర్రజేసింది. తిన్నాను. చాలా రోజుల తర్వాత ఉప్పూ పులుపూ తెలిశాయి. టెస్టు నెగటివ్. "మూడు నెలలకు నెగటివ్ అంటే దాదాపు బయటపడ్డట్టే. రూలు ప్రకారం ఆరు నెలలకు ఇంకొకటి చేద్దాం, అంతే" అన్నాడు డాక్టరు.

నాకు మాత్రం "దాదాపు" అన్న ముక్కే చెవిలో ఉండిపోయింది. అక్టోబరులో బల్లకు లేవలేదు. నవంబరులోనూ లేవలేదు. "డాక్టరు చెప్పాక కూడా ఏంటండీ?" అని కరుణ గొణిగేది. "ఆరు నెలలు కానీ" అనేవాణ్ణి. భయం కూడా పోయి అలసట మిగిలింది. పొద్దున లేస్తూనే అలసటగా ఉండేది. పాస్టరుగారు ఒకసారి గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని "ఏదైనా ఉంటే ఇంటికి రా ప్రభాకరం, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. "అలాగేనండీ" అని వెళ్ళలేదు. ఆ నెలలన్నీ, అందరూ లేచి వెళ్ళినప్పుడు గుళ్ళో మిగిలేది ఇద్దరమే. మగవాళ్ళ వైపు నేను, ఆడవాళ్ళ వైపు రూతమ్మ. మధ్యలో ఖాళీ బెంచీలు.

నవంబరు ఆఖరికి ఏలూరులో చివరి టెస్టు చేశారు. నెగటివ్. డాక్టరు కాగితం నా చేతిలో పెట్టి, "మీకు హెచ్ఐవి లేదు. ఇక రాదు కూడా, మళ్ళీ గొట్టం నోట్లో పెట్టుకుంటే తప్ప. మీకున్న జబ్బు భయం. నిద్ర పట్టకపోతే దానికీ డాక్టర్లున్నారు, సిగ్గుపడకుండా వెళ్ళండి" అన్నాడు. తర్వాత వెళ్ళాను కూడా. రెండు నెలలు మాత్రలు వాడాను.

డిసెంబరు మొదటి ఆదివారం. జేబులో నెగటివ్ కాగితం ఉంది. మా వరస లేచింది. కరుణ అవతలి వైపు నుంచి నా వంకే చూస్తోంది. నేను లేవలేకపోయాను. కారణం ఇదీ అని ఏదీ లేదు. ఆరు నెలలు కూర్చుని కూర్చుని కాళ్ళకు అదే అలవాటైపోయింది.

ఆరాధన అయ్యాక సైకిల్ తాళం తీస్తుంటే వెనక నుంచి "వందనాలండీ" అని వినపడింది. రూతమ్మ. కాస్త ఒళ్ళు చేసింది. ఏలూరులో మందులు వాడుతోందని మా డాక్టరుగారు చెప్పారు.

"వందనాలమ్మా. ఎలా ఉన్నావు?"

"బానే ఉన్నానండీ. మీకో మాట చెప్పాలని... ఎన్నిసార్లో అనుకున్నాను, ధైర్యం చాల్లేదు." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీరింక బల్లకి ఎళ్ళండి బాబూ. నేను ఎళ్ళట్లేదుగా."

నాకు అర్థం కాలేదు. "నువ్వు వెళ్ళకపోతే నేను వెళ్ళడమేంటి?"

"జులైలో నేను తెలీక తీసేసుకున్నానండీ. నోరు తుడుసుకుంటా తిరిగొచ్చి కూర్చుంటే, మీరు కూర్చునే ఉన్నారు, తల దించుకుని. నా నెత్తురు చూసింది మీరే కదండీ. నా సంగతి ఇక్కడ తెలిసినోరు మీరొక్కరే. ఆ పాత్రకి నా నోరు తగుల్తాదనే మీరు మానేశారనుకున్నాను. మీ అంతటోరే భయపడ్డారంటే అది అంటుద్దనే కదండీ అర్థం? ఎవరికీ చెప్పి నన్ను బయటెట్టలేదు, మీ మంచితనం. నా వల్ల మీకెందుకీ ఇబ్బందని ఆగస్టు నుంచి నేనే మానేశాను. అయినా మీరు ఎళ్ళట్లేదు. నేను గుడికే రావడం మానేస్తే ఎళ్తారా అండీ?"

నేను నా ఒక్కడి నోరు, నా ఒక్కడి ప్రాణం అనుకుని ఆరు నెలలు ఆ బెంచీకి అతుక్కుపోయాను. అక్కడ ఖాళీ బెంచీల అవతల ఒక మనిషి నన్ను రిపోర్టులా చదువుకుంటోంది. చదివి, తనను తానే వెలివేసుకుంది.

"కాదమ్మా, అయ్యో, కాదు. నీ వల్ల కాదు. ఆ పాత్ర వల్ల ఎవరికీ ఏమీ రాదు. ఎంగిలి వల్ల రాదు, పక్కన కూర్చుంటే రాదు. నేను భయపడింది నీకు కాదు, నాకు." పిప్పెట్ సంగతి చెప్పాను. ఆ రక్తం తనదని చెప్పకూడదనుకున్నాను. కానీ ఆవిడ తెలివైన మనిషి.

"నా నెత్తురేనాండీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "అవునమ్మా."

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్య బాబోయ్! మీకేం కాలేదు కదండీ? మీకేం లేదు కదా?" అని నా చేతులు, మొహం చూస్తూ ఏడ్చేసింది. నేను జేబులోంచి కాగితం తీసి చూపించాను. ఆ కాగితం నేను నా కోసం దాచుకున్నాను. అది పనికొచ్చింది మాత్రం ఆవిడ ఏడుపు ఆపడానికి.

"జనవరిలో నువ్వు లేస్తావా?" అన్నాను.

"మీరు లేత్తేనండీ."

జనవరి మొదటి ఆదివారం వరసలన్నీ అయ్యాక ఆఖరి వరస మిగిలింది. మా గుళ్ళో ఆఖరి వరసలో ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, వెనక మిగిలినవాళ్ళు ఆడామగా కలిసే మోకరిస్తారు. రూతమ్మ లేచింది. నేనూ లేచాను. కావాలనే వెళ్ళి ఆవిడకు ఎడమపక్కన మోకరించాను. పాస్టరుగారు కుడివైపు నుంచి వస్తారు. ఆవిడ తాగింది. పాస్టరుగారు గుడ్డతో అంచు తుడిచి, కొంచెం తిప్పి, నా పెదవులకు పెట్టారు. తాగాను. ద్రాక్షరసం తియ్యగా, కాస్త వగరుగా ఉంది. పన్ను గుంట ఎప్పుడో పూడిపోయింది. నాలిక అటు వెళ్ళలేదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయిని జామకాయ ఏదని అడిగాను. "నాన్నా, ఇప్పుడు రేగుపళ్ళ కాలం" అంది.

ఇప్పుడు మా ల్యాబులో నోటితో లాగే గొట్టం లేదు. అన్నిటినీ నేనే కత్తెరతో ముక్కలు చేశాను. అలమరలోని రబ్బరు బల్బు బయటికొచ్చింది. పని నిదానంగానే ఉంది, ఉండనీ. ఎవరైనా వచ్చి "మంగలిషాపులో గాటండీ" అంటే నేనిప్పుడు నవ్వను. ఎప్పుడు జరిగిందో, ఎన్ని గంటలైందో ఒక్కటే అడుగుతాను. చదివేవాళ్ళకు చెప్పేదీ అదే. సూది గుచ్చుకున్నా, రక్తం పడినా, ఇంకేం జరిగినా సరే, ఎలా జరిగిందన్నది ఎవరు నమ్ముతారో అని ఆలోచిస్తూ కూర్చోకండి. ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళండి. సిగ్గు పడడానికి ఆరు నెలలుంటాయి, మందుకు మాత్రం మూడు రోజులే.

రూతమ్మ తన సంగతి రాయడానికి ఒప్పుకుంది, పేరు మార్చమంది. టెస్టుల కోసం మా ల్యాబుకే వస్తుంది. కుర్చీలో కూర్చుని, చెయ్యి చాపి, నేను సూది తీసేలోపు ప్రతిసారీ ఒకే మాట అంటుంది.

"జాగర్తండి బాబూ. ఈసారి మింగెయ్యకండి."